రోడ్డు పనిలో జేసీబీ, టిప్పర్, రోలర్‌ల మధ్య మనుషుల్ని కాపాడుకోవడం: సైటు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

రోడ్డు వెడల్పు పనిలో ఉన్న కూలీకి ఒక పక్క బస్సులు, లారీలు దూసుకుపోతుంటాయి. ఇంకో పక్క ఇరవై టన్నుల ప్రొక్లెయిన్ (చైన్ల మీద నడిచే పెద్ద తవ్వే మిషన్) తిరుగుతుంటుంది. ఈ రెంటి మధ్య ఆ మనిషికి మిగిలేది మూడు నాలుగు మీటర్ల జాగా. భవనం కట్టే చోట చుట్టూ కనీసం రేకులైనా ఉంటాయి, ఇక్కడ అవీ ఉండవు. ఊరి జనం, గేదెలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు అన్నీ పని మధ్యలోంచే పోతాయి.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ "ఆపరేటర్ చూసుకోలేదు" అనేస్తారు. ఆ మాటతో నేను ఒప్పుకోను. చాలాసార్లు దెబ్బ తిన్న మనిషి ఆపరేటర్‌కు కనబడే వీలే ఉండదు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు నడవాలి అన్నది మిషన్ స్టార్ట్ కాకముందే తేల్చాలి. తేల్చాల్సింది సైటు ఇంజనీరు, సూపర్‌వైజరు, సబ్ కాంట్రాక్టరు, మేస్త్రీ. ఈ మార్గదర్శి ముఖ్యంగా వాళ్ల కోసం. ఉదాహరణకు మన జిల్లాల్లో తరచూ జరిగే పనినే తీసుకున్నాను: ట్రాఫిక్ నడుస్తుండగానే రెండు వరసల రోడ్డును వెడల్పు చేయడం, మధ్యలో ఒకటి రెండు కల్వర్టులు (రోడ్డు కింద నీళ్లు పోయే తూములు) వేయడం.

1. ముందు రోజే నడిచి చూడండి

బండిలో కూర్చుని చూస్తే సగం విషయాలు తప్పిపోతాయి. రేపు పని చేయబోయే కిలోమీటరు మొత్తం నడవండి. మొదట తల పైకెత్తి చూడాలి. 11 కేవీ లైను రోడ్డు దాటే చోట నేల నుంచి కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది నిబంధన. పాత లైన్లు వేలాడిపోయి అంత ఎత్తు లేకపోవచ్చు. పైగా మీరు గ్రావెల్, జీఎస్‌బీ (రోడ్డు అడుగున వేసే కంకర పొర) పోసి రోడ్డును పైకి లేపుతున్నారు. రోడ్డు అర మీటరు లేస్తే తీగ అర మీటరు దగ్గరైనట్టే. పెద్ద టిప్పర్ బాడీ పూర్తిగా లేపితే ఆరు మీటర్లు దాటుతుంది. అందుకే తీగ కింద ఎక్కడా డంపింగ్ పెట్టకండి. తీగకు రెండు పక్కలా పదేసి మీటర్ల దూరంలో స్తంభాలు పాతి, అడ్డంగా రంగు జెండాల తాడు కట్టండి. ఎత్తిన బాడీతో వచ్చే టిప్పర్ తీగకన్నా ముందు ఆ తాడును తాకాలి. లైను కిందే పని తప్పనిసరైతే విద్యుత్ శాఖకు రాసి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకున్నాకే మిషన్ పెట్టాలి. లైన్‌మన్ ఫోన్‌లో "కానివ్వండి" అన్నాడని మొదలుపెట్టొద్దు.

తర్వాత నేల కింద ఏముందో చూడాలి. తాగునీటి పైపు, ఓఎఫ్‌సీ (ఫోన్, ఇంటర్నెట్) కేబుల్, ఊళ్ల దగ్గర ఇప్పుడు గ్యాస్ లైన్లు కూడా ఉంటున్నాయి. తవ్వే ముందు సంబంధిత సంస్థలకు తెలపడానికి కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. అందులో వివరాలు పెట్టండి, దాంతోపాటు పంచాయతీ నీళ్లు వదిలే మనిషిని పిలిచి అడగండి. పాత పైపు ఎటు పోతుందో చాలా ఊళ్లలో ఆయనకు తెలిసినంతగా మ్యాపుకు తెలియదు. అనుమానం ఉన్న చోట బకెట్ దించకుండా ముందు పారతో గుంత తీయించి చూడండి.

బడి ఎక్కడుంది, సంత ఏ రోజు, వడ్లు ఎక్కడ ఆరబోస్తారు అన్నవి కూడా రాసుకోండి. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లతో నిండి ఉంటుంది. మిగిలిన సగం మీరు తవ్వితే బండ్లు పోవడానికి దారి ఉండదు. రైతులతో ముందే మాట్లాడి ఆ వారం ఆ ముక్క వదిలేసి ఇంకో చోట పని పెట్టుకోవడం మేలు.

2. ట్రాఫిక్ వైపు ముందు సర్దండి, మిషన్ తర్వాత

వర్క్ జోన్ ట్రాఫిక్ కోసం ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) వాళ్ల 'ఎస్పీ 55' అనే మార్గదర్శకాలు ఉన్నాయి. ఆ పుస్తకం ఒకటి సైటు ఆఫీసులో ఉండాలి. అందులోని వరస ఇదీ: ముందస్తు హెచ్చరిక, తర్వాత బండ్లను మెల్లగా పక్కకు మళ్లించే భాగం, తర్వాత పని జరిగే చోటు, చివర మళ్లీ మామూలు దారిలో కలిపే భాగం.

మొదటి బోర్డు ఎంత దూరంలో పెట్టాలో తెలియాలంటే బండి ఆగే దూరం తెలియాలి. ఐఆర్‌సీ డిజైన్ లెక్కలో గంటకు 80 కి.మీ. వేగంతో వచ్చే వాహనం, డ్రైవర్ ప్రమాదం గమనించి పూర్తిగా ఆపడానికి 120 మీటర్లు కావాలి. వేగం 100 అయితే 180 మీటర్లు. ఇసుక లోడుతో, అరిగిన టైర్లతో వచ్చే లారీకి ఇంకా ఎక్కువే పడుతుంది. జేసీబీకి యాభై మీటర్ల ముందు "పని జరుగుచున్నది" బోర్డు పెడితే డ్రైవర్‌కు అందేది భయమే, సమయం అందదు. వేగంగా బండ్లు నడిచే హైవే మీద మొదటి బోర్డు అర కిలోమీటరు నుంచి కిలోమీటరు ముందు ఉండాలి. ఆ తర్వాత వేగ పరిమితి, తర్వాత దారి ఇరుకు, తర్వాత మళ్లింపు బాణం. మలుపు వెనకో, చెట్టు కొమ్మల చాటునో పెట్టిన బోర్డు లేనట్టే.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. రోడ్డు మీద రాళ్లు పేర్చడం, చెట్టు కొమ్మ పాతడం మానేయండి. పని ముగించి వెళ్లిపోయాక రాత్రి ఆ రాళ్లకే బైకు తగిలి మనుషులు పోతున్నారు. రిఫ్లెక్టివ్ టేపు ఉన్న కోన్లు, ప్లాస్టిక్ డ్రమ్ములు వాడండి. డ్రమ్ము ఎగిరిపోకుండా అడుగున ఇసుక వేస్తే చాలు. కాంక్రీటు నింపితే అది గోడతో సమానం, గుద్దినవాడు బతకడు.

కోన్ల వరస పూర్తయ్యాక పని మొదలయ్యే చోటికి మధ్య కొంత జాగా ఖాళీగా వదలాలి. బ్రేకు పడని బండి ఏదైనా లోపలికి వస్తే ఆగడానికి ఆ ఖాళీయే దిక్కు. మన సైట్లలో సరిగ్గా అక్కడే బైకులు పెడతారు, నీళ్ల డ్రమ్ము పెడతారు, కూలీలు టిఫిన్లు తింటారు. ఆ జాగాలో మనిషి, సామాను ఏదీ ఉండకూడదు.

జెండా మనిషిగా ఎవరో ఒకరిని, పనికి రాని ముసలాయన్ని నిలబెట్టడం కూడా పెద్ద తప్పు. చురుగ్గా కదిలేవాడు, గట్టిగా నిలబడి బండి ఆపగలిగేవాడు కావాలి. రెండు చివర్లా ఇద్దరికీ వాకీటాకీలు ఇవ్వండి. ఆ మనిషి రోడ్డు మధ్యలో కాకుండా అంచున, తప్పుకోవడానికి వెనక జాగా ఉన్న చోట నిలబడాలి. రెండు గంటలకోసారి మార్చండి. మే నెల ఎండలో తారు మీద ఆరు గంటలు నిలబడిన మనిషికి ఎదుటి బండి వేగం అంచనా అందదు.

3. పొద్దున్నే పది నిమిషాలు మిషన్ చుట్టూ తిరగండి

బ్రేకు, స్టీరింగ్, హారన్, రివర్స్ హారన్, అద్దాలు, లైట్లు, సీటు బెల్టు, హైడ్రాలిక్ పైపుల లీకేజీ, టైర్లు లేదా చైను, బకెట్ పిన్నులు. ఆపరేటరే చూసి, కాగితం మీద టిక్కు పెట్టి సంతకం చేయాలి. బ్రేకు, స్టీరింగ్, రివర్స్ హారన్‌లలో ఏ ఒక్కటి పని చేయకపోయినా ఆ మిషన్ ఆ రోజు కదలకూడదు. శబ్దం చిరాకని రివర్స్ హారన్ వైరు పీకేసిన టిప్పర్లు చాలా ఉంటాయి. అద్దెకు వచ్చిన బండి అయితే గేటు దగ్గరే నడిపించి వినండి. హైడ్రాలిక్ పైపు లీకేజీని వేలితో తడిమి వెతకొద్దు. ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూసుకెళుతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఆపరేటర్ లైసెన్స్, రాత్రి నిద్ర, మందు విషయం కూడా అప్పుడే తేల్చుకోవాలి. రాత్రంతా కంకర తోలిన డ్రైవర్‌ను పొద్దున్నే మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టకండి. టిప్పర్ డ్రైవర్‌కు ట్రిప్పుల లెక్కన డబ్బులిచ్చే పద్ధతి మానేయమని నేను ప్రతి కాంట్రాక్టరుకూ చెబుతాను. అలా ఇస్తే వేగానికి మనమే కూలి కట్టినట్టు. రోజు జీతం ఇచ్చి చూడండి, రివర్స్ గేరు వేసే ముందు ఒక్క క్షణం ఆగి చూసే ఓపిక డ్రైవర్లకు అదే వస్తుంది.

4. సున్నంతో గీసి చూపండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు, ఖర్చు దాదాపు లేదు. ఇంజన్ ఆపిన ప్రొక్లెయిన్‌లో ఆపరేటర్‌ను కూర్చోబెట్టండి. ఒక మనిషి మిషన్ చుట్టూ మెల్లగా నడవాలి. ఎక్కడెక్కడ తాను కనబడటం లేదని ఆపరేటర్ చెబుతాడో అక్కడ మార్కింగ్ సున్నం చల్లండి. పూర్తయ్యాక కూలీలందర్నీ పిలిచి చూపండి. క్యాబిన్ ఎడమ పక్క ఉంటుంది, బూమ్, అంటే బకెట్‌ను మోసే పొడవాటి చేయి, కుడి పక్క చూపును కమ్మేస్తుంది. అందుకే కుడివైపు, వెనకవైపు సున్నం మచ్చలు ఎంత దూరం పోతాయో చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు. తర్వాత కూలీలను ఒక్కొక్కరిగా ఆపరేటర్ సీట్లో కూర్చోబెట్టండి. గంట ఉపన్యాసం చేయలేని పని ఆ రెండు నిమిషాలు చేస్తాయి. జేసీబీకి, టిప్పర్‌కు, రోలర్‌కు కూడా ఇలాగే చేయండి. మనుషులు మారినప్పుడల్లా మళ్లీ చేయాలి.

దాని నుంచే పుట్టే నియమం: ఆపరేటర్ మొహం మీకు కనబడకపోతే మీరు ఆయనకు కనబడటం లేదని అర్థం. మిషన్ దగ్గరకు వెళ్లాలంటే చెయ్యెత్తి, ఆయన చూసి, బకెట్ నేలకు దించి, మిషన్ కదలకుండా ఆపే లాక్ లివర్ వేశాకే వెళ్లాలి.

ప్రొక్లెయిన్ తిరిగేటప్పుడు మనుషులు బకెట్‌ను చూస్తారు. ప్రాణం తీసేది చాలాసార్లు వెనకనున్న కౌంటర్‌వెయిట్, అంటే బకెట్ బరువుకు సరితూగేలా పెట్టిన దిమ్మ. ఆ వెనక భాగానికీ గోడకూ, చెట్టుకూ, ఆగిన లారీకీ మధ్య ఇరుక్కుంటే తప్పించుకునే దారి ఉండదు. అలాంటి ఇరుకు ఉన్న చోట తాడు కట్టి దారి మూసేయండి. ట్రాఫిక్ వైపు కూడా ఇది చూసుకోవాలి. చైను రోడ్డు పక్కనే ఉన్నా తిరిగినప్పుడు వెనక భాగం బస్సు దారిలోకి వస్తుంది.

ప్రతి పెద్ద మిషన్‌కూ ఒక సిగ్నల్ మనిషి ఉండాలి, మిగతావాళ్ల జాకెట్‌కు భిన్నమైన రంగు ఆయనకు ఇవ్వండి. ఆపరేటర్ ఆయన సైగలే వినాలి. "ఆపు" అన్న సైగ మాత్రం ఎవరు చేసినా, చిన్న కూలీ చేసినా, వెంటనే ఆపాలి. ఆపినందుకు ఎవర్నీ తిట్టకూడదు. ఇప్పుడు మన సైట్లలో ఆపరేటర్లు చాలామంది బీహార్, జార్ఖండ్, ఒడిశా వాళ్లు. కూలీలేమో పాలమూరు, శ్రీకాకుళం వాళ్లు. "ఆగు ఆగు" అన్న అరుపు ఇంజన్ శబ్దంలో వినబడదు, వినబడినా అర్థం కాకపోవచ్చు. ఆపు, రా, వెనక్కి, దించు, ఎత్తు అనే ఐదు చేతి సైగలు అందరికీ ఒకేలా నేర్పితే భాష అడ్డు రాదు.

5. టిప్పర్: రివర్స్, డంపింగ్

వీలైతే రివర్స్ అవసరమే లేకుండా దారి వేయండి, ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోయేలా. కుదరని చోట సిగ్నల్ మనిషి డ్రైవర్ వైపు అద్దంలో కనబడుతూ ఉండాలి. అద్దంలోంచి ఆ మనిషి మాయమైన క్షణమే బండి ఆగిపోవాలి.

డంప్ చేసే నేల సమంగా, గట్టిగా ఉండాలి. ఒక వైపు టైరు కొత్త మట్టిలో దిగి ఉండగా బాడీ లేపితే లోడు పైకి వెళ్లేకొద్దీ బండి పక్కకు వాలుతుంది. తడి మట్టి బాడీకి అంటుకుని ఒక పక్కే జారితే కూడా అంతే. టిప్పర్ ఏ పక్కకు పడినా తగలనంత దూరంలో మనుషులు ఉండాలి. బాడీ పూర్తిగా దిగాకే బండి కదలాలి. బాడీ లేపి కింద రిపేరు చేసేటప్పుడు హైడ్రాలిక్ జాకీని నమ్మకండి, ఇనుప సపోర్టు పెట్టాకే తల దూర్చాలి.

6. తవ్వకం, కల్వర్టు గుంత

నల్లరేగడి మోసం చేస్తుంది. ఎండాకాలంలో నిలువుగా తవ్వినా గోడలా నిలబడి ధైర్యం ఇస్తుంది. లోపల పగుళ్లుంటాయి, ఒక్క వాన పడిందంటే పెళ్లలుగా జారిపోతుంది. ఘనపు మీటరు మట్టి సుమారు టన్నున్నర పైనే తూగుతుంది. ఛాతీ దాకా కూరుకుపోయిన మనిషికి కూడా ఊపిరి ఆడదు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) సేఫ్టీ కోడ్ ప్రకారం 1.5 మీటర్లు, అంతకు మించిన లోతు కందకానికి గోడల్ని వాలుగా అయినా తీయాలి, లేదా చెక్కలతో అయినా బిగించాలి. తీసిన మట్టిని అంచుకు 1.5 మీటర్ల దూరం, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. దిగడానికి, ఎక్కడానికి నిచ్చెన ఉండాలి. జేసీబీ బకెట్‌లో మనిషిని దించడం, ఎక్కించడం ఎప్పుడూ చేయొద్దు.

గుంత అంచున లారీలు పోతుంటే ఆ అదురుకే మట్టి కదులుతుంది. అందుకని రోడ్డు వైపు గోడను ఇంకా వెనక్కి వాల్చి తీయండి. పొద్దున దిగే ముందు, వాన వెలిశాక సూపర్‌వైజరు అంచుల్లో కొత్త పగుళ్లున్నాయేమో చూసి సరే అన్నాకే కూలీలు దిగాలి.

కల్వర్టు పైపులు ఎత్తడం దగ్గర జేసీబీని క్రేన్‌లా వాడేస్తారు. 1200 మి.మీ. ఎన్‌పీ3 రకం హ్యూమ్ (కాంక్రీటు) పైపు, రెండున్నర మీటర్ల పొడవుది, సుమారు మూడు టన్నులు. దాన్ని బకెట్ పళ్లకు గొలుసు తగిలించి చేయి చాపి ఎత్తితే గొలుసైనా జారుతుంది, బండైనా లేస్తుంది. తగిన క్రేన్ తెప్పించండి, పైపును ఎత్తే బెల్టు పట్టా మీద బరువు ముద్ర చూడండి, పైపును చేతులతో నెట్టకుండా దూరం నుంచి తాడుతో తిప్పండి. హైడ్రా (బరువు ఎత్తుకునే నడిచే క్రేన్) లోడుతో నడుస్తుంటే ఆ తాడు పట్టుకున్న మనిషి దాని ముందు నడుస్తుంటాడు. ఒక్క అడుగు తడబడితే టైరు కిందికే. అందుకే చాలా పెద్ద కంపెనీలు హైడ్రాలను సైట్లోకి రానివ్వడం లేదు. మీరు వాడక తప్పకపోతే ఆ మనిషిని పక్కన, డ్రైవర్‌కు కనబడేలా నడిపించండి.

7. రోలర్, పేవర్

రోలర్ మెల్లగా పోతుంది కాబట్టి ఎవరికీ భయం ఉండదు, చిక్కంతా అక్కడే. డ్రమ్ముకు అంటిన తారు గీకుతూ, నీళ్లు చల్లుతూ మనుషులు దాని పక్కనే నడుస్తారు. వెనక్కి వచ్చేటప్పుడు హారన్ కొట్టి ఒక క్షణం ఆగి కదలాలి. గీకే పని రోలర్ ఆపాకే. కొంగు, లుంగీ, వేలాడే కండువా మిషన్ దగ్గరకు రాకూడదు. ఆడవాళ్లకు చీర మీద చొక్కా, దాని మీద జాకెట్ ఇస్తే కొంగు లోపల ఉంటుంది.

కొత్తగా పోసిన కట్ట అంచు మట్టి వదులుగా ఉంటుంది. అంచుకు కనీసం మీటరు లోపలే రోలర్ తిరగాలి, ఆ గీత సున్నంతో వేయండి. పల్టీ కొడుతుంటే ఆపరేటర్లు దూకేస్తారు, దూకినవాళ్ల మీదే బండి పడుతుంది. పైన రక్షణ ఫ్రేము, సీటు బెల్టు ఉన్న రోలర్‌లో బెల్టు పెట్టుకుని కూర్చున్నవాడికే బతికే అవకాశం ఎక్కువ.

బీటీ (తారు, కంకర మిక్స్) వేసేటప్పుడు టిప్పర్‌కీ, ఆ మిక్స్‌ను పరిచే పేవర్‌కీ మధ్య ఎవరూ ఉండకూడదు. బాడీ లేచిన టిప్పర్‌ను పేవర్ నెట్టుకుంటూ పోతుంది కదా, తీగలు దాటే చోట ముందే బాడీ దించమని చెప్పే మనిషిని పెట్టండి. మిక్స్ 140 డిగ్రీల పైన ఉంటుంది. బూట్లు లేకుండా, చెప్పులతో ఆ పనిలోకి ఎవర్నీ దించకండి. వేడి తారు ఒంటి మీద పడితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పోయాలి. అంటుకున్న తారును పీకకూడదు, చర్మం ఊడి వస్తుంది. దాన్ని ఆసుపత్రిలోనే తీస్తారు.

8. మధ్యాహ్నం, రాత్రి

భోజనమయ్యాక నీడ కోసం కూలీలు టిప్పర్ కింద, రోలర్ పక్కన పడుకుంటారు. డ్రైవర్ వచ్చి స్టార్ట్ చేస్తాడు, అంతే. ఇలా పోయిన ప్రాణాలకు లెక్క లేదు, ఆపడం మాత్రం చాలా తేలిక. రోజూ పని చేసే చోట ఒక టార్పాలిన్ పందిరి వేయండి, మంచినీళ్లు పెట్టండి. పిల్లల్ని తెచ్చుకున్న తల్లులకు రోడ్డుకు, మిషన్లకు దూరంగా అలాంటిదే ఇంకోటి, చూసుకోవడానికి ఒక మనిషితో. డ్రైవర్ ఎక్కే ముందు బండి చుట్టూ నడిచి, కింద వంగి చూసి, హారన్ కొట్టి, పది అంకెలు లెక్కపెట్టి కదలాలి.

రాత్రి పనికి లైట్లు ఎదురొచ్చే డ్రైవర్ కళ్లలో పడకుండా కిందికి వంచి పెట్టండి. మీరే బండి వేసుకుని రెండు వైపుల నుంచీ ఒకసారి వచ్చి చూస్తే తెలిసిపోతుంది. మట్టి పట్టిన జాకెట్ మెరవదు, ఉతికించండి. పని ముగిశాక మిషన్లు రోడ్డు అంచున వదలకుండా దూరంగా పెట్టి, బకెట్ నేలకు ఆనించి, తాళాలు తీసుకెళ్లండి. గుంత ఉన్న చోట వెలిగే లైట్లు, బారికేడ్లు ఉండాలి, అర్ధరాత్రి ఒకసారి వెళ్లి చూసే మనిషి కూడా.

9. ఏదైనా జరిగితే

108, జాతీయ రహదారి అయితే 1033, కరెంటు అయితే 1912. ఈ నంబర్లు ప్రతి క్యాబిన్‌లో అంటించి ఉండాలి. మిషన్‌కు తీగ తగిలితే ఆపరేటర్ లోపలే కూర్చోవాలి. వీలైతే బూమ్ పక్కకు తీయాలి, లేదంటే కరెంటు ఆపేదాకా కదలకూడదు. చుట్టూ పది మీటర్లలోకి ఎవరూ రాకూడదు. నిప్పంటుకుంటే మాత్రమే, మిషన్‌నూ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, కాళ్లు ఎత్తకుండా ఈడ్చుకుంటూ దూరం పోవాలి. మట్టి కింద పడిన మనిషిని బకెట్‌తో తవ్వకండి. పక్క గోడ మళ్లీ కూలకుండా చూసుకుని చేతులతో, తట్టలతో తీయండి. రోడ్డు ప్రమాద బాధితుల్ని ఆసుపత్రికి చేర్చినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది, కేసు భయంతో ఆగకండి. ప్రతి కూలీ పేరూ నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో ముందే నమోదు చేయించి ఉంటే ఆ కుటుంబం తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని తగ్గుతుంది.

దెబ్బ తగలకుండా తృటిలో తప్పినవి కూడా రాసిపెట్టండి: ఏ మిషన్, ఏ చోటు, ఎన్ని గంటలకు. ఎవరు చెప్పినా తప్పు ఎవరిదని అడగకుండా, అక్కడ మనిషి ఎందుకు ఉండాల్సి వచ్చిందని అడగండి. నీళ్ల డ్రమ్ము టిప్పర్ దారికి అవతల ఉంది కాబట్టి అని జవాబు వస్తే, మరుసటి ట్రిప్పు రాకముందే డ్రమ్మును ఇవతలికి జరిపించండి.